బొంగులో కోడి

సంక్రాంతి సెలవుల్లో హాస్టలు మిత్రులు నలుగురు అరకులోయలోని మా ఇంటికి వస్తామన్నారు. నా గుండెల్లో రాయి పడింది. పట్నం పిల్లలకు ఏం పెట్టాలి? బిర్యానీ చేయిద్దామన్నాను.

"బొంగుండగా బిర్యానీ ఎందుకురా?" అని నవ్వాడు అయ్య.

సరే, వంట నేనే చేస్తానని బడాయికి పోయాను. చేతికందిన ఎండు బొంగు తెచ్చాను. అది కాస్తా అంటుకుని కోడి బొగ్గయింది. మిత్రుల ముందు తల కొట్టేసినట్టయింది.

అయ్య ఒక్క మాటనలేదు. వెళ్లి పచ్చి బొంగు కొట్టుకొచ్చాడు. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పులమీద తిప్పుతూ కూర్చున్నాడు. నూనె లేదు, నీళ్లు లేవు.

"బొంగులో చెమ్మే ఉడకబెడతాది బాబూ!"

బొంగు చీల్చగానే ఘుమఘుమలు! మిత్రులు ఆకులు నాకేశారు. మా ఇంటి వంటకు సిగ్గుపడినందుకు ఆ రాత్రి అయ్య ముఖం చూడలేకపోయాను.