రాట్నం పక్కన ఒక ప్రశ్న

పొందూరు స్టేషన్‌లో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఈ ఊరికి అందరూ ఖద్దరు కోసం వస్తారు. నేను ఒక ప్రశ్న పట్టుకుని వచ్చాను: జైలు నుంచి తిరిగొచ్చిన మనిషి మళ్లీ నలుగురిలో నిలబడడానికి చేతిపని ఎంతవరకు ఆసరా అవుతుంది?

రాట్నానికీ జైలుకీ పాత చుట్టరికమే ఉంది. 1922 మార్చిలో ఆరేళ్ల శిక్ష పడి ఎరవాడ జైలుకు వెళ్లిన గాంధీ అక్కడా నూలు వడికారు. పెట్టెలో సర్దుకుని ఎక్కడికైనా పట్టుకెళ్లగలిగే రాట్నానికి చివరికి ఆ జైలు పేరే స్థిరపడింది. నేరాన్ని రోగంగా చూడాలని, జైలు ఆసుపత్రిలా ఉండాలని ఆయన నమ్మారు. ఆయన మెచ్చిన సన్న ఖద్దరు ఈ పొందూరుదే.

ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ ఒకరు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నారు. ఆ సన్నటి పళ్ల మధ్య గింజకు అంటుకున్న పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటున్నాయి. ఆ తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచుకోవాలి, అప్పుడు కదురు ముందు కూర్చోవాలి. యంత్రమన్న మాట లేదు. అలా వడికితేనే నూరో నంబరు నూలు వస్తుంది. కోపంలో ఉన్నప్పుడు వడకగలరా అని అడిగాను.

“సిరాగ్గా ఉంటే పోగు నిలబడదు బాబూ. నెగిసి ఎల్లి నాలుగు గిన్నెలు తోముకొని వత్తాను” అన్నారావిడ.

జైళ్లలో మనస్తత్వ నిపుణులు నేర్పేది కూడా దాదాపు ఇదే. కోపం వచ్చిన క్షణానికీ చెయ్యి లేచే క్షణానికీ మధ్య కాస్త ఎడం సంపాదించుకోవడం. ఉస్మానియా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యులు బీనా చింతలపూరి తెలంగాణ జైళ్లలో నడిపిన ‘ఉన్నతి’ కార్యక్రమానికి మూలం ఈ నమ్మకమే: తన ఆలోచన ఎక్కడ దారి తప్పుతోందో ఖైదీ తానే గుర్తుపట్టగలిగితే నడత మారుతుంది.

ఇదేమీ కొత్త మాట కాదు. 1977లో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఉంది. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగులను మోసగించిన యువకుడికి మూడేళ్ల శిక్ష పడింది. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని పద్దెనిమిది నెలలకు తగ్గించి, అతడి చదువుకు తగిన పని ఇవ్వాలని, దానికి కూలి కట్టాలని ఆదేశించారు. శిక్ష లక్ష్యం మనిషిని బాగుచేయడమేనని ఆ తీర్పు పొడవునా వాదించారు.

ఆ తీర్పుకు దాదాపు అర్ధశతాబ్దం నిండింది. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో మగ్గాలు ఆడుతున్నాయి, జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలు పనిచేస్తున్నారు. మంచిదే. కానీ 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది ఇంకా విచారణ ఖైదీలే. పని చేసి తీరాలన్న నియమం కఠిన కారాగార శిక్ష పడినవారికే గాని వాళ్లకు లేదు. ఖాళీ చేతులతో, కేసు ఏమవుతుందోనన్న దిగులుతో నెలలు గడిపేది వాళ్లే. జైలు వైద్యులందరికీ మానసిక వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం చెబుతోంది. ఆ శిక్షణ ఫలం అందాల్సిన మొదటి చోటు ఈ విచారణ ఖైదీల గదే.

పొందూరును చూసి మురిసిపోయి, జైళ్ల నిండా రాట్నాలు పెట్టమని నేను అనను. వడికే కూలితో ఇల్లు గడవదు. అందుకే కదుళ్ల ముందు ఎక్కువగా కనిపించేది వయసు మళ్లిన ఆడవాళ్లే. బయటికొచ్చాక కూడు పెట్టని పని నేర్పడం ఖైదీని రెండోసారి మోసగించడమే. ఇక్కడి నుంచి జైలు తీసుకోవలసింది నేర్పే తీరు. పక్కన కూర్చోబెట్టుకుంటారు, వేలు పట్టి చూపిస్తారు, పోగు తెగితే తిట్టరు, అతికి మళ్లీ సాగదీస్తారు.

జైలుకెళ్లొచ్చిన కుర్రాడొకడు వస్తే నేర్పుతావా అమ్మా అన్నాను. ఆవిడ వెంటనే బదులివ్వలేదు. ఏం చేసి వెళ్లాడని అడిగారు. చిన్న దొంగతనం అనుకోండన్నాను. పిల్లలున్నారా అన్నారు. కాసేపాగి, “రమ్మను. ముందు పత్తి ఏరడం నేరుసుకోమను” అన్నారు.

అలాంటి కుర్రాడు జైలుకు వెళ్లకుండానే ఇక్కడికి రావడానికి చట్టంలో దారి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను కూడా ఒక శిక్షగా గుర్తించింది. అయిదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగిచ్చినవాడికి అదే శిక్ష. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లను జైలుకు పంపేముందు ప్రొబేషన్ అధికారి నివేదిక చూడాలని 1958 నాటి చట్టమే నిర్దేశించింది.

శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో తీర్పులు రాసేవారికి ఒక మనవి. ఆ నివేదికను తంతుగా కాక శ్రద్ధగా చదవండి. సమాజ సేవ అంటే రోడ్డు ఊడ్పించడంతో సరిపెట్టకుండా, పని తెలిసిన ఒక మనిషి పక్కన ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టండి. పొందూరు అరుగుల మీద చోటుంది.