దురదనూ చీటీలో రాయాలి

శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) శివారు డాలీగంజ్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రానికి వెళితే మొదట తలపుకొచ్చేది ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్). 1983లో మొదలైన ఈ కేంద్రానికి పేరు తెచ్చింది ఆ పరిశోధనే. ఉత్తర అండమాన్‌లో ప్రాణాలు తీసిన అంతుపట్టని రక్తస్రావ జ్వరం లెప్టోస్పైరోసిస్ అని 1990ల తొలినాళ్లలో తేలింది. పొలం నీళ్లలో నానిన కాళ్ల పగుళ్లలోంచి ఆ క్రిమి ఒంట్లోకి దిగి, మూత్రపిండాల్లో తిష్ఠ వేస్తుంది. ముదిరితే డయాలిసిస్ అవసరం పడవచ్చు. చర్మం దగ్గర మొదలై కిడ్నీ దాకా పోయే జబ్బును అంత ఓపికగా వెతికి పట్టుకున్న చోటుకు వచ్చి, కిడ్నీలో మొదలై చర్మం మీదికొచ్చే బాధను మనం ఎందుకు పట్టించుకోమని అడగాలనిపించింది. డయాలిసిస్‌కు వచ్చిన ప్రతిసారీ బీపీ, బరువు చూస్తారు. దురద సంగతి కూడా అలాగే అడిగి చీటీలో రాయాలన్నది నా వాదన.

డయాలిసిస్ రోగుల చర్మం పొడిబారుతుంది, రంగు నల్లబడుతుంది, కొందరి గోళ్లు సగం తెల్లగా, సగం గోధుమరంగుగా మారతాయి. వీటన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది దురద. డీఓపీపీఎస్ అనే బహుళ దేశాల అధ్యయనం 2017లో ప్రకటించిన ఫలితాల్లో 37 శాతం మంది రోగులు ఒక మోస్తరుగానో, అంతకు మించో దురదతో బాధపడుతున్నారు. దాదాపు ఎప్పుడూ గోక్కునేవాళ్లలోనే 17 శాతం మంది ఆ మాట వైద్య సిబ్బందిలో ఎవరికీ చెప్పలేదు. తమ కేంద్రంలో ఎందరికి దురద ఉందో 69 శాతం వైద్యాధికారులు తక్కువగా అంచనా వేశారు. దురద కిడ్నీ వల్ల వచ్చిందని రోగికి తట్టదు, చెమటపొక్కు అనో ఉప్పుగాలి అనో సరిపెట్టుకుంటాడు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కష్టం. ఆ ప్రాంతమున్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడైనా ఇక్కడైనా ఉక్క మీద తప్పు వేసేయడం తేలిక. చామనఛాయ ఒంటి మీద ఎర్రదనం సరిగా కనబడదు కూడా, అందుకే చూసి ఊరుకుంటే చాలదు, అడగాలి.

ప్రాణం నిలబెట్టడమే గగనమైనప్పుడు దురదా అనే మాటకు జవాబుంది. అది రాత్రి నిద్ర లేకుండా చేస్తుంది. తీవ్రమైన దురద ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువని ఇదే అధ్యయనం 2006లో చూపింది. దురదే చంపుతుందని దీని అర్థం కాదు, కానీ తేలిగ్గా తీసుకోరాదని మాత్రం తెలుస్తుంది. ఇంత తేమ గాలిలో చర్మం ఎలా పొడిబారుతుందన్నది ఇంకో సందేహం. లోపం గాలిలో లేదు, కిడ్నీ చెడినవాళ్లలో చెమట, నూనె గ్రంథులే చిక్కిపోతాయి. అన్ని దురదలకూ కిడ్నీనే కారణం చేయడం కూడా పొరపాటే. గజ్జి, తామర, మందుల వల్ల వచ్చిన దద్దుర్లు ముందు చూసుకోవాలి.

ఖర్చు మాటకొస్తే, తొలి వైద్యం చౌకే: డయాలిసిస్ చాలినంత జరగడం, ఫాస్ఫరస్ అదుపు, స్నానం అయిన వెంటనే చర్మానికి తేమనిచ్చే పూత. అలవాటుగా ఇచ్చే అలర్జీ మాత్రలు ఇక్కడ పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది. కానీ అది బయటికి పోయేది కిడ్నీ ద్వారానే, కాబట్టి చాలా తక్కువ మోతాదులో, డయాలిసిస్ ముగిశాక, డాక్టరు చెబితేనే వేసుకోవాలి. మోతాదు మించితే మత్తు, తడబాటు వస్తాయి. ఈ దురద కోసమే తయారైన డిఫెలికెఫాలిన్ ఇంజెక్షన్‌కు అమెరికా 2021లో అనుమతి ఇచ్చింది. ఏ మందు పనిచేసిందో తెలియాలన్నా, సున్నా నుంచి పది దాకా ఎంత ఉందని నర్సు ప్రతిసారీ రాసిన అంకె ఉండాలి. యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకునే మనిషిని ఆ ఒక్క మాట అడగడానికి అర నిమిషం చాలు.