తల్లిలేని గున్నల యింట

మాది భాల్కి. 1956లో హైదరాబాదు రాష్ట్రమును విడదీసినప్పుడు మా బీదరు జిల్లానుండి జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, నీలంగ బొంబాయికిని పోగా, మా ఊరు మైసూరు పాలికి వచ్చెను. ఇంట తెలుగు, బడిలో కన్నడము, బజారులో మరాఠీ, ఉర్దూ. అట్టి ఇంటిలోనే మా తమ్ముని కూతురును మేము పెంచితిమి. తల్లి పోవునాటికి ఆ బిడ్డకు పదునెనిమిది నెలలు.

1988లో ఆమెకు నాలుగవయేడు నడుచుచుండగా మేమిరువురము కాశీయాత్రకు బయలుదేరితిమి. మెలకువగానున్నచో ఏడ్చునను భయముచే, తెల్లవారుజామున, బిడ్డ నిద్రించుచుండగనే స్టేషనుకు పోయితిమి. పదునైదు దినములకు తిరిగి వచ్చునప్పటికి బిడ్డ ఎముకల గూడై యుండెను. జ్వరము లేదు; వైద్యునకు ఏమియు అంతుపట్టలేదు; నాయనమ్మ బతిమాలినను అన్నము ముట్టలేదట. మమ్ము చూచి ఏడ్వనైన ఏడ్వలేదు. గోడవైపు తిరిగి పండుకొనెను. కోలుకొనుటకు నెల పట్టినది. ఆ సంగతి ఆమెకు మేమెన్నడును చెప్పలేదు.

ఆమె ఇప్పుడు భర్తతో నైరోబిలో కాపురమున్నది. 2019లో మమ్ము పిలిపించుకొని, ఒకనాడు ఊరి అంచుననున్న జాతీయవనమునకు తీసికొనిపోయినది. అచట షెల్డ్రిక్ వన్యప్రాణి ట్రస్టువారు తల్లులు పోయిన ఏనుగు పిల్లలను సాకుచున్నారు. సావో తూర్పు వనమునకు తొలి అధికారియైన డేవిడ్ షెల్డ్రిక్ 1977లో మరణింపగా, ఆయన జ్ఞాపకార్థము భార్య డాఫ్నీ దీనిని నెలకొల్పెను. ఆమెయు 2018లో కన్నుమూసినది.

పగలు పదకొండు గంటలకు జనమును లోనికి రానిచ్చిరి. త్రాడు కట్టియున్నది, దాని కావల ఎర్రమన్ను, బురదగుంట. ఆకుపచ్చ కోట్లు తొడిగిన కాపరుల వెంట గున్నలు పరుగెత్తుకొని వచ్చెను. ఒకటి తన పాలసీసాను గటగట ఖాళీచేసి ప్రక్కదాని సీసాకు తొండము చాచెను. కాపరి నెట్టివేయగా గీపెట్టినది. పెండ్లిబంతిలో తన లడ్డూ తిని పొరుగు విస్తరి చూచు పిల్లవాడు మాకు జ్ఞాపకమునకు వచ్చెను. మా ఆవిడ కొంగు అడ్డము పెట్టుకొని నవ్వినది.

కాపరి యొకడు ఒక్కొక్కదాని కథ ఇంగ్లీషులో చెప్పుచుండెను. దంతములకై వేటగాండ్రు తల్లిని చంపగా మిగిలినది ఒకటి. నూతిలో పడి మందకు దూరమైనది మరియొకటి. మా ఆవిడకు అది యంతయు తెలుగు చేసి చెప్పుచున్నది మా బిడ్డయే. ఆవుపాలలోని కొవ్వు వీనికి సరిపడదట. పాలు మానని ఆఫ్రికా గున్నను దక్కించుట అప్పటివరకు దుస్సాధ్యముగా నుండగా, డాఫ్నీ ఏండ్లతరబడి శ్రమించి, కొబ్బరినూనె కలిసిన పాలు తగునని కనిపెట్టెను. ఆ పాలతో 1970 దశకములో ఐషా అను గున్న తేరుకొన్నది. ఇంతలో కుమార్తె పెండ్లికై డాఫ్నీ కొలది దినములు ఊరు విడువవలసి వచ్చెను. ఐషా తిండి మానినది. ఆమె మరలివచ్చినను దక్కలేదు.

అప్పటినుండి అచట ఒక నియమము. రాత్రి గున్న ప్రక్కనే కాపరి పండుకొనును, కంబళి జారినచో కప్పును. కాని మరునాటి రాత్రి ఆ చోట వేరొక కాపరి. మనసు ఒక్కనిమీద గాక ఇంటిల్లిపాదిమీద నిలువవలెనని.

మా ఆవిడ త్రాడు పట్టుకొని నిలిచిపోయినది. కొంతసేపటికి, "నిన్ను గూడ గిట్లనే ఇడిచిపెట్టి పోయినం బిడ్డా," అని కాశీ సంగతి మొత్తము చెప్పివేసినది. బిడ్డ మా ఇరువురి మొగములు చూచి, "నాకేం యాదిలేదు పెద్దమ్మా. నేను దక్కిన గద!" అనెను. మేము బురదగుంటవైపు చూచుచుంటిమి.

నియమము మంచిదే. కాని నాడు మా ఇంట ఎనమండుగురము ఉంటిమి. అయినను బిడ్డ ఇద్దరినే పట్టుకొనెను. రోజుకొకరము ప్రక్కన పండుకొనియుండినచో ఏమగునో మాకు తెలియదు.

మూడేండ్లు నిండిన పిదప గున్నలను సావో అడవికి చేర్చుదురు. ఎవరును తరుమరు. పగలంతయు మేసి రాత్రికి కొట్టమునకు వచ్చుచుండును. కొన్నియేండ్లకు ఒక రాత్రి రాదు. అట్లు అడవి చేరిన తరువాత ఈనిన ఏనుగు తన గున్నను వెంటబెట్టుకొని పాత కాపరుల ముంగిటికి వచ్చుటయు కలదట. ఇది మాత్రము మా ఆవిడ రెండుమారులు చెప్పించుకొన్నది.

మా బిడ్డకు ఐదేండ్ల కొడుకు. వాని నోట ఇంగ్లీషు, స్వాహిలీ; తెలుగున "తాతా, అన్నం తిన్నవా" అను ఒక్క మాట. మేము తిరుగు ప్రయాణమైన నాడు విమానము తెల్లవారకముందే. పిల్లవాడు నిద్రలోనున్నాడు, లేపవద్దని అల్లుడు చెప్పెను. మా ఆవిడ వినలేదు. వానిని లేపి ఒడిలో కూర్చుండబెట్టుకొని, పోవుచున్నామని చెప్పినది. వాడు గట్టిగా ఏడ్చెను. ఏడ్పు తగ్గువరకు కూర్చుండి, పిమ్మటనే లేచి కారెక్కినది.