తాసిక్‌మలయ అమ్మాయి

మీ బడి గోడమీద ఆసియా పటం ఉంటే దాని దగ్గిరికి వెళ్లండి. బంగాళాఖాతం మీదుగా దక్షిణానికి, తరవాత తూర్పుకు వేలు జరపండి. సుమత్రా దీవి దాటగానే సన్నగా, పొడుగ్గా మరొక దీవి తగులుతుంది. అదే జావా. ఇండొనీషియా దేశంలో పదిహేడు వేల పైచిలుకు దీవులున్నా, ఆ దేశపు జనంలో సగానికి పైగా ఈ ఒక్క దీవిలోనే ఉంటారు.

జావా పడమటి భాగంలో బాండుంగ్ అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ రైలెక్కి కొండల మధ్యగా ఆగ్నేయ దిశకు పోతే తాసిక్‌మలయ వస్తుంది. దారి పొడుగునా వరిమళ్లు, కొబ్బరిచెట్లు. మన కోనసీమ పిల్లలకు ఇవేవీ వింతకాదు. వింత ఏమంటే ఆ ఊరికి దాపులనే ఉన్న అగ్నిపర్వతం. దాని పేరు గలుంగుంగ్. అది 1982 ఏప్రిల్‌లో పేలి, తొమ్మిది నెలలపాటు ఉండి ఉండి బూడిద కక్కింది. ఆ జూన్‌లో ఒక రాత్రి ఆ దారిన పోతున్న బ్రిటిష్ విమానం ఒకటి బూడిద మేఘంలో చిక్కుకుంటే, దాని నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి! విమానం కిందికి జారుతూండగా అవి మళ్లీ తిరగసాగాయి గనక సరిపోయింది. అందరూ క్షేమంగా జకార్తాలో దిగారు.

ఈ తాసిక్‌మలయలో 1971 ఫిబ్రవరి 11న సుసి సుసాంతి పుట్టింది. కొండ పేలిన ఏడు ఆమెకు పదకొండేళ్లు. వెదురు పుల్లలకు కాగితం అంటించి, దానిమీద పువ్వులు చిత్రించి గొడుగులు చెయ్యటంలో ఆ ఊరివాళ్లు పేరుపడ్డారు. సుసి పేరు తెచ్చుకున్నది మాత్రం మరొక తేలిక వస్తువుతో. దాని బరువు అయిదు గ్రాముల చిల్లర, దానికి పదహారు ఈకలు. మనం షటిల్ అంటామే, అదే.

బాడ్మింటన్‌ను ఇండొనీషియావాళ్లు "బులు తంగ్కిస్" అంటారు. బులు అంటే ఈక. తంగ్కిస్ అంటే ఎదురొచ్చిన దాన్ని అడ్డుకుని తిప్పికొట్టటం. సుసి ఆట ఎలాంటిదో ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఆమె పొడగరి కాదు, అయిదడుగుల మూడంగుళాలు. దెబ్బ కూడా పిడుగులాంటిదేమీ కాదు. కాని అవతలివాళ్లు షటిల్‌ను ఏ మూలకు కొట్టినా ఆమె అక్కడ ఉండేది. అందదనుకుంటే రెండు కాళ్లూ బారచాచి, దాదాపు నేలమీద కూచుని అందుకునేది. ఆనాటి లెక్క ప్రకారం సర్వీసు చేసినవారికే పాయింటు వచ్చేది. స్త్రీల ఆట పదకొండు పాయింట్లకు. (ఎవరు గెలిస్తే వారికే పాయింటు అనే ఇప్పటి లెక్క 2006లో వచ్చింది.) అందుచేత ఎంతసేపు ఆడినా పాయింట్లు కదలని సందర్భాలుండేవి. అటువంటప్పుడు ముందు విసిగిపోయినవాళ్లే పొరపాటు చేస్తారు. సుసి విసిగేది కాదు.

ఈ ఓపిక ఊరికే రాలేదు. 1985లో, పద్నాలుగో ఏట, ఆమె ఇల్లు విడిచి జకార్తాలోని జయ రాయ అనే క్లబ్బులో చేరింది. ఆ వయసులో అమ్మానాన్నలకు దూరంగా ఉండి, పొద్దునా సాయంత్రమూ ఆటే పనిగా పెట్టుకోవటం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అయిదేళ్లు తిరిగేసరికి, 1990లో, ఆమె ఇంగ్లండులో జరిగే ప్రసిద్ధమైన ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచింది. ఆ పోటీ మొత్తం నాలుగుసార్లు గెలిచింది.

ఇండొనీషియా 1952 నుంచి ఒలింపిక్సుకు వెళుతున్నది. నలభై ఏళ్లలో దానికి బంగారు పతకం ఒక్కటీ రాలేదు. మొదటి పతకమే 1988లో వచ్చింది. ముగ్గురు స్త్రీలు విలువిద్యలో గెలిచిన వెండి పతకం అది. 1992లో బార్సిలోనాలో బాడ్మింటన్‌కు మొదటిసారి పతకాలు పెట్టారు. ఇక దేశమంతటికీ ఒకటే ఆశ. ఆగస్టు 4న ఫైనలులో సుసి దక్షిణ కొరియా అమ్మాయి బాంగ్ సూ-హ్యున్‌తో ఆడింది. మొదటి గేము 5-11తో పోయింది! తరవాత రెండూ 11-5, 11-3. పతకం మెడలో పడి, తన దేశపు పాట వినపడగానే సుసి కన్నీళ్లు పెట్టుకున్నది. అదే రోజు పురుషులలో అలాన్ బుడికుసుమ కూడా బంగారు పతకం గెలిచాడు. 1997లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ పేరులోని "బుడి" మన బుద్ధి, "కుసుమ" మన కుసుమమే. సుసాంతిలో మన శాంతి ఉన్నది.

1994లో జకార్తాలో ఊబర్ కప్పు జరిగింది. అది దేశాల మధ్య జరిగే స్త్రీల పోటీ. ఇండొనీషియా దాన్ని గెలిచి పందొమ్మిదేళ్లయింది. చీనాతో ఫైనలులో సుసి మొదటి ఆట గెలిచింది. తరవాత చెరి రెండూ అయి, కప్పు చివరి ఆటకు వచ్చింది. ఆడవలసినది మియా ఔదినా అనే పద్నాలుగేళ్ల పిల్ల. ఆమె గెలిచింది! (అదే జకార్తాలో 2017లో మన తెలుగు కుర్రవాడు కిడాంబి శ్రీకాంత్ ఇండొనీషియా ఓపెన్ గెలిచాడు. అప్పుడు భారత జట్టుకు శిక్షణ ఇస్తున్నది ఇండొనీషియాకు చెందిన ముల్యో హండోయో.)

ఒక సంగతి చెప్పకుండా వదలటం న్యాయం కాదు. సుసి పూర్వులు చీనావాళ్లు. ఆ రోజుల్లో చీనా సంతతివారు, ఆ నేలమీదే పుట్టినా సరే, తాము ఇండొనీషియా పౌరులమేనని రుజువుచేసే ప్రత్యేకమైన కాగితం చూపవలసి వచ్చేది. బంగారు పతకం తెచ్చిన సుసికి కూడా ఈ బాధ తప్పలేదు. 1998 మే నెలలో జకార్తాలో ఘోరమైన అల్లర్లు జరిగాయి. చీనా సంతతివారి ఇళ్లూ, దుకాణాలూ తగలబడ్డాయి. కొద్దిరోజులకే హాంకాంగులో మళ్లీ ఊబర్ కప్పు. మనసు ఇంటిమీద ఉన్నా సుసి కోర్టులోకి దిగి ఇండొనీషియా తరఫున ఆడింది. ఆ ఏడు కప్పు చీనాకు పోయింది.

ఆ తరవాత ఆమె పోటీలు విరమించింది. భార్యాభర్తలు రాకెట్ల వ్యాపారం పెట్టారు. మీరెప్పుడైనా తాసిక్‌మలయకు వెళితే కాగితం గొడుగులతోపాటు సుసి సుసాంతి పేరుగల ఆటశాలను కూడా చూసి రండి.