చిమ్నీలో చిక్కిన తాలింపులు

ఆదివారం పొద్దున్నే వంటింటి చిమ్నీ జాలీలు ఊడదీశాను. మూడు నెలల తాలింపులన్నీ తేనెరంగు జిడ్డై వేళ్లకు అంటుకున్నాయి. మా వినుకొండలో వంటంటే ఎండుమిరప వేగాల్సిందే, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాల్సిందే. నూనె ఆవిరి చల్లటి రేకును తాకి పేరుకుంటుంది. ఆ పొర మందమైతే గాలి ఆడదు. మోటారు రొద చేస్తుందే తప్ప పొగను లాగదు.

ముందే ప్లగ్గు పీకేశాను. స్టీలు జాలీలు కాబట్టి వేడినీళ్లలో వంటసోడా, గిన్నెల సబ్బు కలిపి అరగంట నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఆవిడది పత్తికట్టె పొయ్యి. ఊదుగొట్టమే ఫ్యాను, పెంకుల సందులే చిమ్నీ. 1999లో దీపం పథకం వచ్చాక ఎన్నో పేదిళ్లలో గ్యాసు పొయ్యి వెలిగింది. ఆవిడకు మాత్రం అప్పటికే ఆలస్యమైంది. గోడల మసికి ఏటా సంక్రాంతికి సున్నం వేసేవాళ్లు. ఊపిరితిత్తులకు పట్టిన మసిని ఊడదీసి కడిగేదెవరు?

జాలీలు ఆరాక బిగించి స్విచ్ వేశాను. పొగ చక్కగా పైకి పోయింది. అమ్మమ్మ దగ్గు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.