బీమా పత్రమును, మా మనస్సాక్షియు

మా జాలరిపేటలో జబ్బు చేసిన యింట మొదట అమ్ముడుపోవునది వలయే. కావున మా అబ్బాయి కొలువుచేయు కచేరీలో అందఱికిని ఆరోగ్యబీమా కుదిర్చి, చందాలో సగము జీతమునుండి పట్టుకొందుమనినప్పుడు మేమెంతయో సంతసించితిమి. పత్రము చదువగా, ప్రసూతి వ్యయము లను పద్దుక్రింద కాన్పు, సిజేరియను, వానితోబాటు చట్టసమ్మతమైన గర్భవిచ్ఛిత్తియు నున్నవి. బీమా నియంత్రణాధికార సంస్థవారి నిర్వచనమే యట్టిదట. మగవారు ఆ పంక్తివఱకు చదువనేలేదు!

1971 నాటి చట్టము గర్భవిచ్ఛిత్తిని కొన్ని హద్దులలో అనుమతించెను. 2021లో కొందఱికి ఆ హద్దు 24 వారములకు పెరిగెను. మేము కతోలికులము. మా శ్రీసభ దానిని ప్రాణహత్యగా నెంచును. మా కాసులు అందులకును పోవునుగదా యని మాకు నిద్రపట్టలేదు.

విచారణ గురువులవారి నడిగితిమి. పాపకార్యమును కోరి తోడ్పడుట వేఱనియు, కోరకయే దూరమునుండి అందు తగులుకొనుట వేఱనియు, తగిన కారణమున్న రెండవది దోషము కాదనియు వారు సెలవిచ్చిరి. 2020లో కరోనా టీకాలనుగూర్చి రోమునుండి వచ్చిన ప్రకటనయు నీ భేదమునే ఆశ్రయించినదట. వినుటకు బాగుగనే యున్నది. కాని ఆ తగిన కారణమును తూచు త్రాసు ఎవరి చేత నున్నది?

మా కోడలికి ఎనిమిదవ నెల. శస్త్రచికిత్స తప్పకపోవచ్చునని డాక్టరమ్మగారనిరి. ఆమెను కాచునదియు ఆ పద్దే. అబ్బాయిని సంతకము చేయుమంటిమి. గర్భవిచ్ఛిత్తి వ్యయము మా కుటుంబమునకు వలదని ఒక జాబుకూడ వ్రాయించితిమి. చందాలో దమ్మిడీయైన తగ్గదని జవాబు వచ్చెను. జాబును మాత్రము మేము వెనుకకు తీసికొనలేదు.