తన్ను గూర్చి తాను వ్రాయుట

ప్రజారోగ్య శాస్త్రము చదువగోరి మా అమ్మాయి యొక విదేశ విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టుచు, తన్ను గూర్చి వ్రాసిన లేఖను నాకు వినిపించినది. "బాల్యమునుండియు నేను సేవాతత్పరురాలను" అని మొదలు. ఎవరి పేరు పెట్టినను అతికెడి మాటలే.

"బిడ్డా, ఇందులో నీవెక్కడ?" అంటిని.

"మన నార్కట్‌పల్లిలో చెప్పుకొనదగిన దేమున్నదమ్మా?" అని కన్నీరు పెట్టుకొన్నది.

అరుగుమీద మా అత్తగారు గోడ పట్టుకొని లేచుచుండిరి. ఏండ్లతరబడి త్రాగిన బావినీటిలోని ఫ్లోరైడు ఆమె నడుమును వంచినది. పటిక, సున్నము కలిపి అట్టి నీటిని బాగుచేయుటకు నాగపూరు శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించిన పద్ధతికి లోకమున మా నల్లగొండ పేరే యున్నది. అమ్మాయి కళాశాలలో నుండగా మా బావుల నీటిని పరీక్షించినది, లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదను హద్దును కొన్ని మీరినవి. ఆ సంగతియే లేఖలో లేదు!

"నాయనమ్మ బాధ ఆమెది, దానిని చూపి జాలి యడుగకుము. దానిని చూచి నీవేమి చేసితివో, ఇంకను ఏమి నేర్వవలెనో, అది నీది. అది వ్రాయుము" అంటిని.

చిన్నది ముందుగా నాయనమ్మ యనుమతి యడిగినది.

"రాయి బిడ్డా! దాస్తే నడుము నిలుస్తదా?" అనిరి మా అత్తగారు.

ఆ రాత్రి వ్రాసిన లేఖలో సేవ యను మాట యొక్కటియు లేదు, మా బావులున్నవి.